స్కాట్లండ్ ఉత్తరాల్లో కనిపించే ‘ఔట్‌విత్’ అచ్చుతప్పు కాదు: దాని అర్థం, వాడుక, తెలుగులో చెప్పే తీరు

మీ అమ్మాయి ఎమ్మెస్సీ చదవడానికి సెప్టెంబరులో గ్లాస్గో వెళ్తున్నదనీ, అక్కడి విశ్వవిద్యాలయం నుంచి, హాస్టల్ నుంచి వచ్చిన కాగితాల్లో ‘ఔట్‌విత్’ అనే మాట మూడు చోట్ల కనిపించిందనీ రాశారు. మొదటిది, ‘ఈ తేదీలకు ఔట్‌విత్ అందిన దరఖాస్తులను పరిశీలించలేము’ అన్న వాక్యం. రెండవది, ‘ఆఫీసు వేళలకు ఔట్‌విత్ అయితే సెక్యూరిటీకి ఫోన్ చేయండి’ అన్నది. మూడవది, ‘మీ కంట్రోల్‌కు ఔట్‌విత్ అయిన కారణాల వల్ల’ అసైన్‌మెంట్ ఆలస్యమైతే గడువు పెంచమని అడగవచ్చు అన్నది. ఇది ‘వితౌట్’కు అచ్చుతప్పా, గేలిక్ భాషలోని పదమా, మా అమ్మాయి కూడా తన ఉత్తరాల్లో ఇలా రాయవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. వాటితో పాటు, మొదటి వాక్యాన్ని ‘ఈ తేదీలు వేయకుండా పంపిన దరఖాస్తులు’ అని అర్థం చేసుకుని, దరఖాస్తు మీద ఏయే తేదీలు వేయాలో చెప్పమన్నారు. నేను పద్దెనిమిదేళ్లుగా స్కాట్లండ్‌లో తెలుగువారికి దుభాషిగా, అనువాదకురాలిగా పని చేస్తున్నాను. మీరు పొరబడిన చోటే చాలామంది పొరబడడం చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఇది అచ్చుతప్పు కాదు, గేలిక్ కూడా కాదు. ఇది స్కాట్స్ భాష నుంచి వచ్చి, స్కాట్లండ్‌లో రాసే ఇంగ్లీషులో స్థిరపడిపోయిన మాట. దీని అర్థం ‘వెలుపల’. ‘లేకుండా’ అనే అర్థం దీనికి ఏ సందర్భంలోనూ రాదు. ఎక్కడ ఈ మాట కనిపించినా దాని స్థానంలో ‘ఔట్‌సైడ్’ పెట్టి చదవండి, వాక్యం అర్థమైపోతుంది. ‘వితౌట్’ పెట్టి చదివితే వాక్యం తప్పుదారి పట్టిస్తుంది, కొన్నిసార్లు పూర్తిగా తలకిందులవుతుంది.

అందువల్ల మీ అమ్మాయి దరఖాస్తు మీద ప్రత్యేకంగా వేయవలసిన తేదీలంటూ ఏవీ లేవు. ఉత్తరంలో ఇచ్చిన రెండు తేదీల మధ్య ఆ దరఖాస్తు వారికి అందాలి, అంతే.

ఈ మాటను చూడగానే మన కంటికి ‘ఔట్’, ‘విత్’ అనే రెండు ముక్కలు కనిపిస్తాయి. ‘విత్’ అంటే ‘తో’ అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం కనుక రెంటినీ కలపబోతే ఏ అర్థమూ కుదరదు. ఆ అయోమయంలో ‘వితౌట్’ ముక్కలు అటూ ఇటూ అయ్యాయేమో అనిపించడం సహజం. అసలు సంగతి ఏమిటంటే, పాత ఇంగ్లీషులో ‘విత్’కు ‘ఎదురుగా’, ‘వైపుగా’ అనే అర్థాలుండేవి. బ్యాంకులో డబ్బు ‘విత్‌డ్రా’ చేస్తాం, పరీక్షా ఫలితాన్ని ‘విత్‌హెల్డ్’లో పెడతారు. ఈ మాటల్లోని ‘విత్’ కూడా ‘తో’ కాదు కదా. ‘ఔట్‌విత్’లో ఉన్నది ఆ పాత ‘విత్’.

‘వితిన్’ అంటే లోపల అని మనకు తెలుసు. దానికి సరైన జోడీగా ఒకప్పుడు ‘వితౌట్’ అంటే వెలుపల అనే అర్థం ఉండేది. లండన్ నగరంలో ఇప్పటికీ ‘ఫారింగ్‌డన్ వితిన్’, ‘ఫారింగ్‌డన్ వితౌట్’ అని రెండు వార్డులు ఉన్నాయి. 1394లో ఒకే వార్డును రెండుగా విడదీసినప్పుడు కోటగోడకు లోపలి భాగం ఒకటి, వెలుపలి భాగం ఇంకొకటి అయ్యాయి. ‘బిషప్స్‌గేట్’ వార్డుకు కూడా ఇలాగే లోపలి, వెలుపలి భాగాలు ఉన్నాయి. ఆ పేర్లలోని ‘వితౌట్’ను ‘లేకుండా’ అని చదివితే ఫారింగ్‌డన్ లేని వార్డు అని చెప్పుకోవలసి వస్తుంది. కాలక్రమంలో ఇంగ్లండులో ‘వితౌట్’ మాట ‘లేకుండా’ అనే అర్థంలోకి జారిపోయింది. వెలుపల అని చెప్పడానికి ‘ఔట్‌సైడ్’ వచ్చి ఆ ఖాళీని నింపింది. అది మొదట ‘వెలుపలి భాగం’ అనే నామవాచకం, తర్వాత విభక్తి పని కూడా చేయసాగింది. ‘ఔట్‌విత్’ మధ్యయుగాల్లో ఉత్తర ఇంగ్లండు రాతల్లోనూ కనిపించేది. అక్కడ మరుగున పడింది, స్కాట్లండ్‌లో మాత్రం నిలబడింది. అందువల్ల స్కాట్లండ్ వాసులకు ‘వితిన్–ఔట్‌విత్’ అనే జంట ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది.

తెలుగువాళ్లమైన మనకు ఈ జంట కొత్త కాదు. లోపల, వెలుపల అనే మన మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. రెంటి చివరా ఒకే ‘పల’ ఉంది, ముందున్న ‘లో’, ‘వెలు’ మాత్రమే మారాయి. ‘వితిన్, ఔట్‌విత్’లలో కూడా రెంటికీ ఒకే ‘విత్’ ఉంది. ఇంతే కాదు, తెలుగులో ‘బయట’కూ ‘వెలుపల’కూ మనం పాటించే తేడాయే స్కాట్లండ్ వాసులు ‘ఔట్‌సైడ్’కూ ‘ఔట్‌విత్’కూ పాటిస్తారు. ‘బయట వాన పడుతోంది’ అంటాం, ‘వెలుపల వాన పడుతోంది’ అనం. కానీ ‘ఈ విషయం న్యాయస్థానం పరిధికి వెలుపల ఉంది’ అని నిస్సంకోచంగా రాస్తాం. గీత గీసి, ఇక్కడి దాకా ఒక హద్దు, అది దాటితే వేరు అని చెప్పవలసిన చోట మనకు ‘వెలుపల’ తోస్తుంది. ఊరి కట్టుబాటు నుంచి మనిషిని తీసివేయడాన్ని ‘వెలివేయడం’ అనడంలో ఉన్నదీ ఆ హద్దే. స్కాట్లండ్‌లో కూడా స్నేహితుడు దుకాణం బయట నిలబడి ఉంటే ‘ఔట్‌సైడ్’ అనే అంటారు. నగరం సరిహద్దు, చట్టం పరిధి, పనివేళలు, ఒప్పందం షరతులు వంటి హద్దుల గురించి మాట్లాడేటప్పుడు ‘ఔట్‌విత్’ వస్తుంది. ఈ ఒక్క పోలికను మనసులో పెట్టుకుంటే చాలు, ఈ మాట విషయంలో మీకు నిఘంటువుతో పెద్దగా పని పడదు.

ఇక గేలిక్ విషయం. స్కాట్లండ్‌లో ఇంగ్లీషు కాక మరి రెండు భాషలు ఉన్నాయి, వాటిని కలిపేయకూడదు. గేలిక్ కెల్టిక్ కుటుంబానికి చెందిన భాష, ఐర్లండు భాషకు దగ్గరి బంధువు. స్కాట్స్ అలా కాదు, అది ఇంగ్లీషుకు తోబుట్టువు, ఉత్తరాది పాత ఇంగ్లీషు నుంచి పెరిగిన భాష. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ తన కవితల్లో ఎక్కువ భాగం రాసింది ఈ భాషలో. 2011 జనగణనలో మొదటిసారిగా స్కాట్స్ గురించి ప్రశ్న వేసినప్పుడు 15 లక్షల మందికి పైగా తాము ఆ భాష మాట్లాడగలమని చెప్పారు. 2025లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన చట్టం గేలిక్‌తో పాటు స్కాట్స్‌కు కూడా అధికారిక హోదా ఇచ్చింది. కాబట్టి దీన్ని ‘పాడైన ఇంగ్లీషు’ అనుకునే వారి మాట మీ అమ్మాయి పట్టించుకోనవసరం లేదు. మన దగ్గర ఒక ప్రాంతపు తెలుగును ఇంకో ప్రాంతం వారు ‘తప్పు తెలుగు’ అన్నప్పుడు ఎంత బాధ కలుగుతుందో, అక్కడి వారికీ అంతే కలుగుతుంది.

అయితే మిగిలిన స్కాట్స్ మాటలకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. చాలా స్కాట్స్ పదాలు ఇంట్లో, వీధిలో, పాటలో బతుకుతున్నాయి, ఆఫీసు కాగితాల మీదికి రావు. ‘ఔట్‌విత్’ దానికి భిన్నం. ఇది ప్రధానంగా కాగితాల మీదే బతుకుతోంది. కోర్టు తీర్పులు, కౌన్సిల్ (స్థానిక పాలనా సంస్థ) నోటీసులు, విశ్వవిద్యాలయాల నియమావళులు, ఆసుపత్రి ఉత్తరాలు, రైల్వే స్టేషన్‌లో ఆలస్యాల ప్రకటనలు దీనికి నిలయాలు. దీనికి నాకు తోచే కారణం చరిత్రలో ఉంది. 1707లో ఇంగ్లండుతో ఐక్యమైనప్పుడు స్కాట్లండ్ తన అప్పటి పార్లమెంటును పోగొట్టుకుంది గాని, తన న్యాయవ్యవస్థను, తన చర్చిని, తన విద్యావ్యవస్థను నిలుపుకుంది. ఈ మూడూ నిత్యం పరిధుల గురించి, హద్దుల గురించి రాసే వ్యవస్థలు. అక్కడ రాసే గుమాస్తాలు, వకీళ్లు, అధ్యాపకులు తరతరాలుగా స్కాట్లండ్‌లోనే శిక్షణ పొందారు. వారి చేతుల మీదుగా ఈ మాట ఆఫీసు భాషలో పదిలంగా ఉండిపోయింది.

ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉంది. డేవిడ్ హ్యూమ్ అనే ఎడిన్‌బరా తత్త్వవేత్త 1752లో స్కాట్లండ్ వాడుకలను, వాటికి సాటివచ్చే ఇంగ్లండు వాడుకలను జాబితాగా ప్రచురించాడు. చదువుకున్నవారు తమ రాతలో అలాంటివి రాకుండా జాగ్రత్తపడాలన్నది ఆ కాలపు ఆలోచన. అంతటి జాగ్రత్తల కాలాన్ని కూడా దాటుకుని ఈ మాట నిలిచింది. ఎందుకంటే ఇది తమ ప్రాంతపు మాట అని దాన్ని వాడేవారికే తెలియదు. ఎ.జె. ఎయిట్‌కెన్ అనే నిఘంటుకారుడు స్కాట్లండ్ మాటలను రెండు తెగలుగా చూశాడు. స్కాట్లండ్ మాట అని తెలిసి, కావాలని వాడేవి ఒక తెగ. అందరూ వాడే ఇంగ్లీషే అనుకుని వాడేవి ఇంకో తెగ. ‘ఔట్‌విత్’ రెండో తెగకు మంచి ఉదాహరణ. నాతో పని చేసిన ఒక స్కాట్లండ్ అధికారిణి ఈ మాట ఇంగ్లండులో చాలామందికి తెలియదని నేను చెప్పినప్పుడు నమ్మలేదు. లండన్‌లో ఉన్న తన చెల్లెలికి అక్కడికక్కడే ఫోన్ చేసి అడిగింది. చెల్లెలు తన ఆఫీసులో ఆ మాట రాసినప్పుడల్లా ఎవరో ఒకరు దిద్దుతూనే ఉన్నారని చెప్పింది. మనకూ ఇలాంటిది ఉంది. రేపటి మీటింగును ఇవాళ్టికి ‘ప్రీపోన్’ చేశారని మనం ఎంతో సహజంగా అంటాం. బ్రిటన్‌లో ఆ మాట వినగానే చాలామంది ఒక్క క్షణం ఆగి చూస్తారు. తెలుగులో కూడా రాయలసీమ వారు దుకాణాన్ని ‘అంగడి’ అంటారు, తెలంగాణలో ‘అంగడి’ అంటే వారానికోసారి జరిగే సంత. ఇద్దరూ తమది అందరికీ తెలిసిన అర్థమే అనుకుని మాట్లాడుకుంటారు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. ఊనిక రెండో భాగం మీద, అంటే ‘విత్’ మీద పడుతుంది. పలికేటప్పుడు రెండు మాటలుగా విడదీయకుండా ఒక్కటిగా పలకాలి.

ఇక తెలుగులో చెప్పే తీరు. అర్థం ‘వెలుపల’ అని తెలిసినంత మాత్రాన ప్రతి వాక్యంలో ‘వెలుపల’ అనే పెట్టలేం. పక్కన ఉన్న మాటను బట్టి మారుతుంది. నేను ఎక్కువగా జాగ్రత్తపడేది కాలం విషయంలో. ‘ఆఫీసు వేళలకు ఔట్‌విత్’ అన్నదాన్ని చాలామంది ‘ఆఫీసు వేళల తర్వాత’ అని తెలుగు చేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది కాని అర్థంలో సగం పోతుంది. ఆఫీసు తొమ్మిదికి తెరిచి ఐదుకు మూస్తారనుకుంటే, సాయంత్రం ఆరు గంటలు ఎంత ‘ఔట్‌విత్’ అవుతుందో, తెల్లవారి ఏడు గంటలు, శని ఆదివారాలు, సెలవురోజులు కూడా అంతే అవుతాయి. కాబట్టి ‘ఆఫీసు పనివేళలు కాని సమయంలో’ అనడం సరైనది. ఇది చాదస్తం అనుకోకండి. ఒక పెద్దాయన ఇంట్లో తెల్లవారుజామున హీటింగు ఆగిపోయింది. ఇంటి యజమాని తరఫు సంస్థ ఇచ్చిన కాగితాన్ని ఎవరో ఆయనకు ‘ఆఫీసు అయిపోయాక ఈ నంబరుకు చేయాలి’ అని చదివి చెప్పారు. ఆఫీసు ఇంకా తెరవనే లేదు, అయిపోవడం ఎక్కడిది అని ఆయన జనవరి చలిలో మూడు గంటలు దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ఆ కాగితంలో ఉన్నది ‘ఔట్‌విత్’. ఆయన ఆ క్షణమే ఫోన్ చేయవచ్చు.

మీ ఉత్తరంలోని తేదీల వాక్యానికి కూడా ఇదే వర్తిస్తుంది. ‘ఈ తేదీలకు ఔట్‌విత్’ అంటే చివరి తేదీ దాటాక అని మాత్రమే కాదు, మొదటి తేదీకి ముందు అని కూడా. ముందుగా పంపితే ఇంకా మంచిదే కదా అనుకోవడం మన అలవాటు. ఆ వాక్యం ప్రకారం తొందరపడి ముందే పంపిన దరఖాస్తు కూడా పరిశీలనకు రాదు.

కాలానికి సంబంధించి, మీ అమ్మాయికి తప్పక ఎదురయ్యే వాక్యం మరొకటి ఉంది. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి, ఆ పై చదువులకు స్టూడెంట్ వీసా మీద వచ్చినవారు సాధారణంగా టర్మ్ (కోర్సు చదువు సాగే కాలం) నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి ఉద్యోగం చేయకూడదు, టర్మ్ లేని రోజుల్లో పూర్తికాలం చేయవచ్చు. దీన్ని స్కాట్లండ్ విద్యాసంస్థలు ‘ఔట్‌విత్ టర్మ్ టైమ్’ అని రాస్తాయి. కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి ఇలాంటి కాగితం తీసుకుని నా దగ్గరకు వచ్చాడు. అతను దాన్ని ‘వితౌట్ టర్మ్’ అని చదువుకుని, అంటే గడువేమీ లేకుండా ఎన్నాళ్లయినా పూర్తికాలం చేయవచ్చన్న మాట అనుకుని, ఒక గోదాములో వారానికి 40 గంటల పనికి ఒప్పుకోబోతున్నాడు. ఇంకా సంతకం చేయలేదు కాబట్టి సరిపోయింది. చేసి ఉంటే వీసా షరతు ఉల్లంఘన కింద చదువే ఆగిపోయే ప్రమాదం ఉండేది. అతను తికమకపడడానికి ఇంకో కారణం కూడా ఉంది. వీసాలు చూసే లండన్ ప్రభుత్వ కాగితాల్లో ఇదే నిబంధన ‘ఔట్‌సైడ్’ అనే మాటతో ఉంటుంది. కాలేజీ కాగితంలో ‘ఔట్‌విత్’ అని ఉంది. మాటలు వేరు కాబట్టి నిబంధనలూ వేరేమో, కాలేజీ వాళ్లు ప్రత్యేకంగా ఏదో వెసులుబాటు ఇచ్చారేమో అనుకున్నాడు. రెండు కాగితాలూ చెప్పేది ఒకటే. మీ అమ్మాయిది ఎమ్మెస్సీ అన్నారు కనుక ఇంకొక్క విషయం కూడా చెప్తాను. ఏడాది ఎమ్మెస్సీ వారికి వేసవిలో తరగతులు ఉండకపోయినా, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రాసే ఆ నెలలు సాధారణంగా టర్మ్ కిందికే వస్తాయి. డిగ్రీ చదివే స్నేహితులు వేసవిలో పూర్తికాలం పని చేస్తున్నారని చూసి తానూ చేయకూడదు. తన కోర్సుకు టర్మ్ తేదీలు ఏవో విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విద్యార్థుల విభాగాన్ని అడిగి, రాతపూర్వకంగా తీసుకోమనండి.

స్థలం విషయంలో ఇబ్బంది తక్కువ. ‘స్కాట్లండ్‌కు ఔట్‌విత్ నివసించేవారు’ అంటే స్కాట్లండ్ వెలుపల నివసించేవారు. కదలిక ఉంటే ‘వెలుపలికి’ అనాలి, ‘ఫ్రమ్ ఔట్‌విత్’ అని ఉంటే ‘వెలుపలి నుంచి’ అనాలి. కరోనా కాలంలో ఈ తేడా ఎంత అవసరమో తెలిసివచ్చింది. స్కాట్లండ్‌లో 32 స్థానిక కౌన్సిల్ ప్రాంతాలు ఉన్నాయి. 2020 నవంబరు 20 నుంచి, ఆంక్షలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల వారు తగిన కారణం లేకుండా తమ కౌన్సిల్ ప్రాంతానికి ‘ఔట్‌విత్’ ప్రయాణించకూడదని చట్టమే వచ్చింది. ఆ వారాల్లో ప్రభుత్వ ప్రకటనల నిండా ఈ మాటే. ‘అంటే కౌన్సిల్ వాళ్ల అనుమతి లేకుండా ప్రయాణించకూడదనా, అనుమతి కాగితం ఎక్కడ తీసుకోవాలి’ అని మన కుటుంబాల వారు నాకు ఫోన్లు చేశారు. మళ్లీ అదే ‘లేకుండా’. నేను ఒక చిన్న సందేశం తయారుచేసి పంపాను: ‘మీ కౌన్సిల్ సరిహద్దు దాటి వెలుపలికి వెళ్లకూడదు. సరిహద్దు లోపల తిరగడానికి అనుమతి కాగితం ఏదీ అక్కరలేదు.’ ఇందులో ‘ఔట్‌విత్’ను ‘సరిహద్దు దాటి వెలుపలికి’ అని మూడు మాటల్లో చెప్పాను. ఒక మాటకు ఒక మాటే పెట్టాలన్న పట్టుదల అనువాదంలో పనికిరాదని నా నమ్మకం.

అధికారం విషయంలో ‘పరిధి’ అనే మాట మనకు బాగా పనికొస్తుంది. ‘ఇది నా బాధ్యతలకు ఔట్‌విత్’ అని ఒక ఉద్యోగి రాస్తే ‘ఇది నా పరిధిలోకి రాదు’ అనాలి. ఇక్కడ స్కాట్లండ్ పార్లమెంటు గురించిన ఒక విశేషం చెప్పాలి. 1998 నాటి స్కాట్లండ్ చట్టం ఆ పార్లమెంటు శాసనాధికారానికి మించిన నిబంధన చెల్లదని చెప్తుంది. ఆ చట్టం లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటులో, అంటే వెస్ట్‌మినిస్టర్‌లో, తయారైనది కాబట్టి అందులో రాసిన మాట ‘ఔట్‌సైడ్’. కానీ ఎడిన్‌బరాలో వకీళ్లు, రాజకీయ నాయకులు, పత్రికలవారు ఇదే విషయం చర్చించేటప్పుడు ‘శాసనాధికారానికి ఔట్‌విత్’ అనడం సర్వసాధారణం. ఒకే నియమానికి రెండు నగరాల్లో రెండు మాటలు వాడుతున్నారన్న మాట.

మీ ఉత్తరంలోని ‘కంట్రోల్’ వాక్యం ఈ మాటకు అన్నిటికంటే ప్రసిద్ధమైన వాడుక. రైలు ఆలస్యమైనా, కచేరీ రద్దయినా, లిఫ్టు పనిచేయకపోయినా ఇదే వాక్యం అతికిస్తారు. దీన్ని ‘మా నియంత్రణకు వెలుపల ఉన్న పరిస్థితుల కారణంగా’ అని రాస్తే తప్పు లేదు గాని, ఎవరూ అలా మాట్లాడరు. ‘మా చేతుల్లో లేని కారణాల వల్ల’ అనేది మన నోటి మాట. అసైన్‌మెంట్ విషయంలో మాత్రం దీని బరువు తెలుసుకోవాలి. జబ్బు చేయడం, ఇంట్లో ఎవరైనా పోవడం వంటివి చేతుల్లో లేని కారణాలు. పార్ట్‌టైమ్ ఉద్యోగం వల్ల సమయం చాలలేదంటే సాధారణంగా ఒప్పుకోరు. ఆ వాక్యం దయగా కనిపించే మాటే గాని, అది కూడా ఒక హద్దు గీస్తోంది.

వైద్యంలో ఇంకో వాడుక ఉంది. రక్తపరీక్ష ఫలితం ‘మామూలు రేంజ్‌కు ఔట్‌విత్’ ఉందని రాస్తే, ఎక్కువ ఉందనీ కావచ్చు, తక్కువ ఉందనీ కావచ్చు. ఆ మాట ఎటువైపో చెప్పదు. దుభాషిగా నేను ‘ఉండవలసిన హద్దుల్లో లేదు’ అని మాత్రమే చెప్పి, ఎక్కువా తక్కువా అని డాక్టరునే అడుగుతాను. తెలుగులో ‘ఎక్కువైంది’ అనేస్తే వాక్యం చక్కగా వస్తుంది కాని, డాక్టరు అనని మాట నేను అన్నట్టవుతుంది.

యంత్రానువాదం మీద ఆధారపడే ముందు ఒక హెచ్చరిక. నేను చూసిన యంత్రానువాదాల్లో కొన్ని ఈ మాటను సరిగ్గా ‘వెలుపల’ అనే ఇచ్చాయి, కొన్ని ‘లేకుండా’ అని ఇచ్చాయి. ఒకే ఉత్తరంలో పైన ఒకలా, కింద ఒకలా ఇచ్చిన సందర్భమూ ఉంది. ఇంకా బాధ కలిగించింది మనుషులు చేసే దిద్దుబాటు. ఒకసారి నేను పంపిన ఇంగ్లీషు మూలాన్ని అచ్చుకు సిద్ధం చేసేవారు, స్పెల్‌చెక్ ఎర్రగీత చూపించిందని, మంచి మనసుతోనే ‘ఔట్‌విత్’ అన్న ప్రతిచోటా ‘వితౌట్’గా మార్చేశారు. ‘క్లినిక్ వేళలకు ఔట్‌విత్ ఒంట్లో బాగాలేకపోతే 111కు ఫోన్ చేయండి’ అనే వాక్యం అర్థం లేకుండా పోయింది. అచ్చయ్యేలోపు పట్టుకోగలిగాం. ఎవరి కాగితాన్నయినా దిద్దే ముందు ఆ ప్రాంతం వారిని ఒక్కసారి అడగండి.

మీ మూడో ప్రశ్న, అమ్మాయి వాడవచ్చా అన్నది. స్కాట్లండ్‌లోని వారికే రాసే ఉత్తరాల్లో నిరభ్యంతరంగా వాడవచ్చు. ఎవరూ వింతగా చూడరు, పైగా ఊరి మాట పట్టుకుందని సంతోషిస్తారు. కానీ పరిశోధన పత్రం అమెరికా పత్రికకు పంపేటప్పుడు, హైదరాబాద్‌లోని సంస్థకు ఉద్యోగం కోసం రాసేటప్పుడు ‘ఔట్‌సైడ్’ వాడడం మేలు, లేకపోతే మీరు అనుకున్నట్టే వారూ అచ్చుతప్పు అనుకుంటారు. వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. దీని తర్వాత ‘ఆఫ్’ చేర్చకూడదు. ‘డబ్బా వెలుపలి భాగం’ అనే చోట, ‘బయట ఎండగా ఉంది’ అనే చోట ఇది కుదరదు, అక్కడ ‘ఔట్‌సైడ్’ మాత్రమే వాడాలి.

ఇలా మామూలు ఇంగ్లీషులా కనబడి తికమకపెట్టే మాటలు అక్కడ ఇంకా కొన్ని ఉన్నాయి, అవి కూడా చెప్పి ఉంచండి. ‘జాగ్’ అంటే ఇంజెక్షన్, ‘ఫ్లూ జాగ్’ వేయించుకోమని ఆసుపత్రి వారు పిలుస్తారు. ‘మెసేజెస్‌కు వెళ్తున్నాను’ అంటే సరుకులు తెచ్చుకోవడానికి బజారుకు వెళ్తున్నానని. కౌన్సిల్ వారు ‘అప్‌లిఫ్ట్’ అంటే పాత మంచం, సోఫా వంటి పెద్ద సామాను వచ్చి తీసుకుపోతారన్న మాట. ‘టైమియస్’ అంటే సకాలంలో అని, ఇది న్యాయ సంబంధమైన కాగితాల్లో ఎక్కువ. ‘ఎక్కడ స్టే చేస్తున్నావు’ అని అడిగితే ‘నీ ఇల్లు ఎక్కడ’ అని అర్థం. ఇంగ్లండు నుంచి వచ్చినవారు దాన్ని ‘ఏ హోటల్లో దిగావు’ అనుకుంటారు గాని, మనవాళ్లు తడుముకోకుండా జవాబు చెప్తారు, ఎందుకంటే మనమూ ఇంగ్లీషులో అచ్చం అలాగే అడుగుతాం.

చివరగా మీ మూడు వాక్యాలను నేనైతే ఇలా తెలుగు చేస్తాను. ‘ఈ తేదీల మధ్య కాకుండా, అంతకుముందు గాని ఆ తర్వాత గాని అందిన దరఖాస్తులను పరిశీలించలేము.’ ‘ఆఫీసు పనివేళలు కాని సమయంలో సెక్యూరిటీకి ఫోన్ చేయండి.’ ‘మీ చేతుల్లో లేని కారణాల వల్ల అసైన్‌మెంట్ ఆలస్యమైతే గడువు పెంచమని అడగవచ్చు.’ మొదటి వాక్యంలోని రెండు తేదీలనూ అమ్మాయి ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టించండి. ఆ తేదీలు స్కాట్లండ్ కాలమానం ప్రకారం ఉంటాయి కనుక, హైదరాబాద్ నుంచి పంపేటట్లయితే అక్కడి గడియారం మనకంటే వేసవిలో నాలుగున్నర గంటలు, శీతకాలంలో ఐదున్నర గంటలు వెనక ఉంటుందని కూడా లెక్క చూసుకోండి. మొదటి రోజు మన తెల్లవారుజామున నాలుగింటికే పంపితే అక్కడ ఇంకా ముందు రోజే నడుస్తూ ఉంటుంది.